కంపెనీ పెద్దదయ్యాక కూడా యూజర్ల ఫోన్లు ఎత్తాలా? మా ఆఫీసులో ఇదే గొడవ

కొత్తసీటు_పాతమనిషి

పోస్టు కాస్త పెద్దదే, ముందే చెప్తున్నా.

మాది క్లినిక్కులకి అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. నేను చేరినప్పుడు 7 మందిమి, ఒకటే గది. సపోర్ట్ అంటే టేబుల్ మధ్యలో ఉండే ఒక ఫోను, మోగితే ఎవరి చెయ్యి దగ్గరుంటే వాళ్ళు ఎత్తేవాళ్ళు, కోడ్ రాసేవాడైనా సరే ఓనరైనా సరే. రేపటి లిస్టు ప్రింట్ తీస్తే ఆఖరి పేషెంట్ పేరు సగం తెగిపోతోందని ఎవరైనా చెబితే, ఆ ఫోన్ ఎత్తినవాడే కూర్చుని సరిచేసి సాయంత్రానికల్లా మళ్ళీ వాళ్ళకే ఫోన్ చేసి ఒకసారి చూడమనేవాడు. అదేదో గొప్ప పద్ధతి అని చేయలేదు, చేయడానికి ఇంకో మనిషి లేక చేశాం.

ఇప్పుడు 140 మందిమి. సపోర్ట్ వేరే ఫ్లోర్‌లో ఉంటుంది. యూజర్ చెప్పింది సిస్టమ్‌లో ఒక టికెట్‌గా నమోదవుతుంది, దానికో కేటగిరీ తగిలిస్తారు, నెలాఖరుకి కేటగిరీలన్నీ కలిసి ఒక రంగుల చార్టు అవుతాయి, ఆ చార్టు మీటింగులో ఒక నిమిషం తెరమీద ఉండి వెళ్ళిపోతుంది.

పోయిన నెల జరిగింది వినండి. మా సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డు మీద ఎఫ్2 నొక్కితే కొత్త అపాయింట్‌మెంట్ తెరుచుకునేది, మొదటి వెర్షన్ నుంచీ ఉంది అది. కొత్త డిజైన్‌లో తీసేశారు. వందమందిలో నలుగురు కూడా వాడట్లేదని డేటా చెప్పింది. ఆ మీటింగులో నేనూ ఉన్నాను, నేనూ తలూపాను. రిలీజైన రెండో రోజు ఒక పెద్ద క్లినిక్ రిసెప్షన్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది, ఎప్పటి నంబరో దాచుకున్నట్టుంది, నేరుగా నా సెల్‌కే వచ్చింది. "ఎఫ్2 ఏమైందండీ?" అంది. పైన కుడివైపు ప్లస్ గుర్తు ఉంది చూడండి, అది క్లిక్ చేస్తే చాలు అన్నాను. "ఒక చేతిలో ఫోనుంటుంది, ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు, రోజుకి రెండొందలసార్లు నేను మౌస్ వెతుక్కోవాలా?" అంది. నా దగ్గర జవాబు లేదు. చూస్తానండీ అని పెట్టేశాను.

తర్వాత ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్స్ తీయించి చూస్తే ఆ నలుగురే మా మొత్తం అపాయింట్‌మెంట్లలో దగ్గర దగ్గర సగం ఎక్కిస్తున్నవాళ్ళు. మిగతా వాళ్ళు ఎప్పుడో ఒకసారి లాగిన్ అయ్యే డాక్టర్లూ మేనేజర్లూ. మేము తలలు లెక్కపెట్టాం గానీ ఎవరి చేతిమీద ఎంత పని నడుస్తోందో లెక్కపెట్టలేదు.

ఇది మీటింగులో చెబితే, "ఇంతమంది యూజర్లు వచ్చాక ఒక్కొక్కరి మాట పట్టుకుని పోలేం, అప్పుడు డేటా లేదు కాబట్టి ఫోన్లు ఎత్తాం, ఇప్పుడు ఉంది" అన్నారు. కొట్టిపారేయదగ్గ మాట కూడా కాదది. అందుకే ఇక్కడ అడుగుతున్నా. పెరిగాక కూడా యూజర్ల మాట వింటూ ఉండాలనేది నా పాతరోజుల బెంగేనా, లేక నిజంగా దాంట్లో విషయం ఉందా? ఉంటే మీ దగ్గర ఎలా చేస్తున్నారు? కస్టమరే దేవుడు లాంటి డైలాగులు మాత్రం వద్దు, అవి మా గోడమీద ఫ్రేము కట్టి ఉన్నాయి.

---

హెడ్‌సెట్_తీయను

11 ఏళ్ళుగా సపోర్ట్‌లోనే ఉన్నాను. మూడు కంపెనీలు మారాను, మూడూ నేనుండగానే పెరిగాయి. మీరు రాసిన ఆ చార్టు మూడు చోట్లా చూశాను, రంగులు మాత్రం వేరు.

నేను చూసినంతలో పైవాళ్ళెవరూ ఇక వినకూడదు అని నిర్ణయించుకోరు. చెప్పేవాడికీ బాగుచేసేవాడికీ మధ్య మనుషులు పెరుగుతారు, ఒక్కొక్కరి దగ్గర మాట కొంచెం కొంచెం అరిగిపోతుంది, అంతే. ఒకసారి మా దగ్గర ఉన్నట్టుండి 'లాగిన్ – పాస్‌వర్డ్' టికెట్లు పెరిగాయి. చార్టు చూసినవాడికి ఏమనిపిస్తుంది, జనం పాస్‌వర్డులు మర్చిపోతున్నారని. పాస్‌వర్డ్ ఎలా గుర్తుపెట్టుకోవాలో చెప్తూ ఒక వీడియో కూడా చేయించారు. ఆ వారమే ఒక పెద్దాయన ఫోన్ చేశారు, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ టైప్ చేస్తున్నారు, నేను వింటూ కూర్చున్నాను. మూడోసారి కూడా తప్పు అని వచ్చాక, "చిన్న అక్షరమే కొట్టానమ్మా, అదేమిటో పెద్దది పడింది" అన్నారు. అప్పుడు వెలిగింది. కొత్త అప్‌డేట్‌లో పాస్‌వర్డ్ కనపడేలా చేసే కన్ను బొమ్మ పెట్టారు. అది నొక్కగానే ఫోన్ కీబోర్డు దాన్ని మామూలు వాక్యం అనుకుని మొదటి అక్షరాన్ని తనే క్యాపిటల్ చేసేస్తోంది. సరిచేయడానికి ఒక్క లైను. అదే బాధతో కొన్ని వందల మంది ఫోన్ చేసి ఉంటారు, కానీ ఆ ముక్క ఏ టికెట్‌లోనూ లేదు, ఎందుకంటే మాకిచ్చిన ఫారంలో డ్రాప్‌డౌన్ ఉంటుంది, 'పెద్దది పడింది' అనే ఆప్షన్ అందులో ఉండదు.

ఆ కాల్ 26 నిమిషాలు నడిచింది. ఆ వారం నా స్కోరు మా టీమ్‌లో అందరికన్నా కింద ఉంది, ఎందుకంటే మమ్మల్ని కొలిచేది కాల్ ఎంత త్వరగా ముగించాం అని. వినాలి వినాలి అంటూ, విన్నవాళ్ళకి మార్కులు కోస్తే ఎవరు వింటారు చెప్పండి?

ఇంకోటి, ఫోన్లు తగ్గితే సంబరపడకండి. ఒక కంపెనీలో కంప్లయింట్లు బాగా తగ్గాయని మా అందరికీ మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. తర్వాత రెన్యువల్స్ టైమ్ వచ్చేసరికి తెలిసింది, ఫోన్ చేసి చేసి విసిగినవాళ్ళు చేయడం మానేశారు, ఆపైన వాడటం మానేశారు. తిట్టేవాడు ఇంకా మన దగ్గరే ఉన్నట్టు లెక్క.

అంత పెద్ద కంపెనీలో సాధ్యమా అంటారా, అమెజాన్‌లో జెఫ్ బెజోస్ సీఈఓగా ఉన్నప్పుడు తన మెయిల్ ఐడీ అందరికీ తెలిసేలా ఉంచాడు. కస్టమర్ల నుంచి వచ్చిన కంప్లయింట్లలో కొన్నిటిని ఏమీ రాయకుండా ఒక్క ప్రశ్నార్థకం మాత్రం పెట్టి సంబంధిత టీమ్‌కి పంపేవాడట. అది వచ్చిందంటే వాళ్ళు చేతిలో పని పక్కన పెట్టాల్సిందే. ఆ ఒక్క కస్టమర్‌ని శాంతపరిస్తే సరిపోదు, అసలు అది ఎలా జరిగిందో వెతికి చెప్పాలి. అక్కడ పని చేసేవాళ్ళ టెన్షన్ సంగతి వేరే, దాని జోలికి నేను పోను. కానీ కింద నుంచి వచ్చిన మాట అరగకుండా పైదాకా వెళ్ళే ఒక దారి అంటూ ఉంది కదా.

---

రోడ్‌మ్యాప్_కాపలా

అందరూ ఒకవైపే మాట్లాడతారు కాబట్టి రెండోవైపు నేను చెప్తాను. ప్రోడక్ట్ మేనేజర్‌ని, ఏది పెట్టాలో ఏది తీసేయాలో తేల్చే పని నాది, అంటే ఈ కథల్లో విలన్‌ని.

2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ (ఫ్రెండ్స్ ఏం చేస్తున్నారో వరసగా చూపించే పేజీ) పెట్టినప్పుడు జనం భగ్గుమన్నారు. మా సంగతులన్నీ అందరి ముందూ పరిచేస్తున్నారని, తీసేయమని, అప్పటికి ఆ సైటులో ఉన్నవాళ్ళలోనే లక్షల మంది నిరసన గ్రూపుల్లో చేరారు. విని తీసేసి ఉంటే ఈరోజు ఫేస్‌బుక్ అంటే ఏముంది? తమాషా ఏంటంటే ఆ గ్రూపులు అంత వేగంగా పెరగడానికి కూడా ఆ ఫీడే కారణం, మీ ఫ్రెండు ఫలానా గ్రూపులో చేరాడు అని అదే చూపించింది. నోటితో వద్దంటున్నారు, చేత్తో వాడుతున్నారు.

దీనికి ఉల్టా కథ 1985లో కోకా-కోలాది. వాళ్ళు విన్నారండీ, విననివాళ్ళేం కాదు. కోక్ రుచి మారుద్దామని దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించారు, ఎక్కువ మంది కొత్తదే బాగుందన్నారు. ఏప్రిల్‌లో పాతది తీసేసి కొత్తది దింపారు, జనం గోల పెడితే 79 రోజులకి పాతదాన్ని మళ్ళీ తెచ్చారు. గుక్కెడు తాగించి ఏది బాగుంది అని అడిగారు, దానికి జనం నిజాయితీగానే జవాబు చెప్పారు. పాతది ఇక దొరకదు అనే సంగతి ఆ గుక్కలో లేదు. అంతమందిని అడిగి కూడా బోల్తా పడ్డారంటే 'యూజర్ల మాట వినండి' అనే సలహా ఎంత తేలికైనదో చూడండి.

ఇక మా సొంత గోల. మా ప్రోడక్ట్‌లో సెట్టింగ్స్ పేజీ ఉంది, కిందికి స్క్రోల్ చేస్తూ పోతే చెక్‌బాక్సులు వస్తూనే ఉంటాయి. ప్రతి చెక్‌బాక్సు వెనకా ఒక ఫోన్ కాల్ ఉంది. ఎవరో అడిగారు, పెట్టేశాం. సగం చెక్‌బాక్సులకి అడిగినవాళ్ళు కూడా ఇప్పుడు లేరు, కానీ తీస్తే ఎక్కడ ఏం విరుగుతుందో అని భయం. గట్టిగా అరిచేవాళ్ళు ఎప్పుడూ ఆ పదిమందే ఉంటారు, వాళ్ళ మాట వింటూ పోతే ప్రోడక్ట్ వాళ్ళకే కుట్టిన చొక్కా అయిపోతుంది, ఇంకెవరికీ పట్టదు.

ఎఫ్2 విషయంలో మీరు చేసింది తప్పే, ఒప్పుకుంటా. కానీ అది డేటా చూడటం వల్ల జరిగిన తప్పు కాదు, డేటా సగమే చూడటం వల్ల జరిగింది.

---

చక్రం_తిప్పేవాడు

ఫోర్డ్ గారు ఎప్పుడో చెప్పారుగా, ఏం కావాలని జనాన్ని అడిగితే ఇంకా వేగంగా పరిగెత్తే గుర్రం కావాలంటారు అని. క్లోజ్ చేయండి థ్రెడ్ 😄

---

పాతకోడు

@చక్రం_తిప్పేవాడు బాస్, ఫోర్డ్ ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు, ఆయన పోయిన చాలా ఏళ్ళకి ఆయన పేరుతో తిరగడం మొదలైంది. అన్నాడనే అనుకుందాం, 'ఇంకా వేగంగా' అన్న ముక్క విన్నవాడికి కావాల్సింది దొరికినట్టే కదా, గుర్రాన్ని పక్కన పెట్టేయొచ్చు.

అసలు ఫోర్డ్ కథ తెచ్చారు కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. మోడల్ టి 1908లో వచ్చింది, 1927 దాకా అదే కారు, కోటిన్నర అమ్మారు. మధ్యలో చాలా ఏళ్ళు నలుపు తప్ప ఇంకో రంగు లేదు. జనానికి ఒకసారి కారు అంటూ వచ్చాక రెండో కారు ఎలా ఉండాలో వాళ్ళకి ఆలోచనలు వచ్చాయి, రంగులు, కాస్త సుఖం, వాయిదాల్లో కొనే వీలు. జనరల్ మోటార్స్ అవన్నీ ఇచ్చింది. ఫోర్డ్ మాత్రం నా కారు బాగానే ఉంది కదా అని కూర్చున్నాడు, నిజంగానే బాగుంది కూడా. చివరికి 1927లో మోడల్ టి ఆపేసి, కొత్త మోడల్ కోసం ఫ్యాక్టరీని నెలల తరబడి మూసుకోవాల్సి వచ్చింది, ఆ సందులో జనరల్ మోటార్స్ ముందుకెళ్ళిపోయింది. పెద్దవాళ్ళయ్యాక వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఫోర్డ్‌ని మించిన ఉదాహరణ నాకు తెలియదు, ఆయన్నే తెచ్చి వినొద్దు అనడానికి వాడతారు జనం.

@రోడ్‌మ్యాప్_కాపలా మీ న్యూస్ ఫీడ్ కథలో రెండో సగం వదిలేశారు. ఫీడ్ తీయలేదు, నిజమే. కానీ కొన్ని రోజుల్లోనే జుకర్‌బర్గ్ తప్పు చేశామని రాసి, ఏది ఫీడ్‌లోకి వెళ్ళాలో వద్దో యూజరే ఎంచుకునే సెట్టింగులు ఇచ్చాడు. జనం అడిగింది తీసేయమని, వాళ్ళకి లోపల ఉన్న భయం మా సంగతులు మా చేతిలో లేవని. అడిగింది ఇవ్వలేదు, భయానికి కొంత మందు ఇచ్చాడు. అది వినడం కాక మరేమిటి?

2010 ఆగస్టులో డిగ్ అనే సైటు చేసింది చూడండి. లింకులకి జనం ఓట్లు వేస్తే పైకి వెళ్ళే సైటు అది, ఒకప్పుడు చాలా పెద్దది. కొత్త వెర్షన్ అంటూ నచ్చని లింకుని తొక్కేసే బటన్ తీసేశారు, పెద్ద పెద్ద పబ్లిషర్ల లింకులు వాటంతటవే వచ్చిపడేలా చేశారు. యూజర్లు కోపంతో డిగ్ మొదటి పేజీని దాని పోటీ సైటు రెడ్డిట్ లింకులతో నింపేశారు, ఆ తర్వాత వాళ్ళూ అక్కడికే వెళ్ళిపోయారు. ఆ సైటులో సరుకంతా యూజర్లు తెచ్చిపెట్టిందే, వాళ్ళతో పాటే వెళ్ళిపోయింది. 2012లో మిగిలిన ముక్కల్ని అమ్మేసుకున్నారు.

సరే, అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. కొత్తసీటు గారూ, మీరు అడిగిన 'ఎలా' అనే ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు ఇంట్యూట్‌ది. ఇంటి లెక్కలు రాసుకునే క్విక్కెన్ అనే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు. స్కాట్ కుక్ దాని స్థాపకుల్లో ఒకాయన. షాపులో క్విక్కెన్ కొన్నవాళ్ళని పట్టుకుని, మీ ఇంటికి వచ్చి మీరు దీన్ని మొదటిసారి ఎలా వాడతారో చూడొచ్చా అని అడిగేవాళ్ళు. వెళ్ళి వెనక కూర్చునేవాళ్ళు. సాయం చేయరు, చూస్తారు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ తల గోక్కున్నాడు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇంటి లెక్కల కోసం చేసినదాన్ని చాలామంది తమ చిన్న వ్యాపారాల లెక్కలకి వాడుతున్నారని సర్వేల్లో వస్తూనే ఉంది, చాలాకాలం దాన్ని కంపెనీ పట్టించుకోలేదు, మనది ఇంటి సాఫ్ట్‌వేర్ కదా, వీళ్ళేదో పొరపాటున వాడుతున్నారు అనుకున్నారు. చివరికి ఆ పొరపాటు మనుషుల దగ్గరికి వెళ్ళి చూస్తే వాళ్ళకి డెబిట్లూ క్రెడిట్లూ తెలియవు, అసలు అకౌంటింగ్ అంటేనే భయం, అందుకే ఉన్న అకౌంటింగ్ ప్యాకేజీలు వదిలేసి ఇది వాడుతున్నారు. 1992లో క్విక్‌బుక్స్ అలా వచ్చింది. క్విక్కెన్‌ని మించి పెరిగింది అది.

ట్విట్టర్‌దీ అలాంటిదే. హ్యాష్‌ట్యాగ్ వాళ్ళ ఆఫీసులో పుట్టలేదు. 2007 ఆగస్టులో క్రిస్ మెసినా అనే యూజర్, గ్రూపుల కోసం ముందు హ్యాష్ గుర్తు వాడితే ఎలా ఉంటుందని ఒక ట్వీట్ పెట్టాడు. కంపెనీ మొదట పెద్దగా పట్టించుకోలేదు, జనం వాడుతూ పోయారు, 2009లో అది నొక్కితే తెరుచుకునే లింకు అయింది. రీట్వీట్ కూడా అంతే, జనం చేత్తో ఆర్‌టీ అని టైప్ చేసుకునేవాళ్ళు, తర్వాత బటన్ అయింది.

మీ ఎఫ్2 ఆవిడ రోజుకి రెండొందలసార్లు ఏం చేస్తోందో మీ ఆఫీసులో ఎవరైనా ఒక్కపూట పక్కన కూర్చుని చూశారా? నా అనుమానం, మీ పక్క ఫ్లోర్‌కి వెళ్ళి కూడా ఎవరూ చూసి ఉండరు.

---

నేనూ_యూజర్నే

ఇక్కడ అందరూ తయారుచేసేవాళ్ళే ఉన్నట్టున్నారు, నేను అవతలి వైపు. అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో పని. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, చెప్పినా మీరేం చేస్తారు.

నెలాఖరు, సాయంత్రం, మూడు బిల్లులు టాలీ కావట్లేదు, చెమటలు పడుతున్నాయి, అప్పుడు తెర మధ్యలో ఒక డబ్బా వస్తుంది: మీరు మమ్మల్ని మీ స్నేహితులకి సిఫార్సు చేసే అవకాశం 0 నుంచి 10 వరకు ఎంత? నేను 9 నొక్కుతాను. ఎందుకంటే 6 నొక్కితే ఎందుకో చెప్పండి అని ఇంకో డబ్బా తెరుచుకుంటుంది, 9 నొక్కితే థ్యాంక్స్ చెప్పి పోతుంది. మా డిపార్ట్‌మెంట్‌లో అందరం 9లే. ఆ కంపెనీలో ఎవరో ఆ 9లు చూసుకుని మురిసిపోతుంటారు పాపం.

మా గురించి నిజంగా తెలుసుకోవాలంటే ఏ సర్వే అక్కర్లేదు, మా మానిటర్ల చుట్టూ అంటించి ఉన్న చీటీలు ఫొటో తీసుకోండి. నా దానికి ఇప్పుడు ఐదున్నాయి. ఒకదాని మీద 'ముందు సేవ్, తర్వాతే ప్రింట్' అని ఉంది, ఎందుకంటే ఉల్టా చేస్తే పాత మొత్తంతో ప్రింట్ వస్తుంది. ఇంకోదాని మీద నాలుగు కోడ్‌లు, సెర్చ్‌లో పేరు కొడితే రావు, కోడ్ కొడితేనే వస్తాయి. ఒకటి నా ముందు ఈ సీట్లో కూర్చున్నావిడ రాసింది, 'తేదీ రెండుసార్లు చూడు' అని. ఎందుకో నాకు తెలియదు, కానీ చూస్తాను. ఆ కంపెనీ నుంచి ఏడాదికోసారి ఎవరో వస్తారు, మా మేనేజర్ క్యాబిన్‌లో గంట కూర్చుంటారు, వెళ్ళిపోతారు. మా మేనేజర్ ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు.

ఇంకో సంగతి, మాకు కొత్తది నచ్చదు అని మీరంతా అనుకుంటారు. కొత్తదంటే కోపం లేదండీ, చేతికి అలవాటైన పని చెప్పకుండా లాగేసుకుంటే కోపం. 2024 మేలో సోనోస్ వాళ్ళ స్పీకర్ల యాప్ మార్చినప్పుడు ఇదే కదా జరిగింది. అలారాలు లేవు, తర్వాత ఏ పాట రావాలో మార్చుకునే వీల్లేదు, చూపులేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వాడుకోలేకపోయారు. పాత యాప్ అయినా తిరిగివ్వండి అంటే అదీ కుదరదన్నారు. నెలల తరబడి ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకుంటూ వచ్చారు, 2025 జనవరిలో సీఈఓ దిగిపోయాడు. స్పీకర్లు ఏమీ చెడిపోలేదు, మొన్నటిదాకా మోగినవే.

---

హెడ్‌సెట్_తీయను

చీటీల సంగతి చదివి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అందరం 9లే 😂 మా దగ్గర ఆ 9ల మీదే బోనస్.

---

రోడ్‌మ్యాప్_కాపలా

చీటీల ఫొటో అడగడం నేను దొంగిలిస్తున్నా, రేపే మొదలుపెడతా.

నేను చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోను, అడిగిందల్లా కట్టకూడదు. కానీ ఆలోచిస్తే మా చెక్‌బాక్సుల పేజీ కూడా సరిగ్గా వినకపోవడం వల్లే పుట్టింది. వాళ్ళు ఒక బటన్ అడిగారు, మేము ఎందుకు అని అడగకుండా బటన్ ఇచ్చేశాం, ఎందుకంటే ఇచ్చేయడం తేలిక, ఇచ్చేస్తే ఫోన్ పెట్టేస్తారు. ఒక కస్టమర్ ఎక్సెల్‌కి ఎగుమతి కావాలంటే పెట్టాం, తర్వాత అందులో మూడు ఫార్మాట్లు అడిగారు, పెట్టాం. చాన్నాళ్ళకి తెలిసింది, ఆ ఎక్సెల్ తీసి, రెండు కాలమ్‌లు కూడి, ఆ ఒక్క మొత్తం వాళ్ళ బాస్‌కి మెసేజ్ చేయడానికట. తెరమీద ఆ మొత్తం చూపిస్తే సరిపోయేది.

కొత్తసీటు గారూ, మీ వాళ్ళు డేటా ఉంది కదా అంటే ఒకటి అడగండి. డేటాలో 'ఎంతమంది' ఉంటుంది, 'ఏ తిప్పలు పడి' అనేది ఉండదు. ఎఫ్2 పీకేశాక ఆవిడ ప్లస్ గుర్తు క్లిక్ చేస్తుంది, మీ డ్యాష్‌బోర్డులో ప్లస్ గుర్తు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. కొత్త డిజైన్ సూపర్ హిట్ అని ఎవరో స్లైడ్ వేస్తారు.

---

కొత్తసీటు_పాతమనిషి

@రోడ్‌మ్యాప్_కాపలా ఆ స్లైడ్ వేశారు. నిజంగా వేశారు. 'యూజర్లు కొత్త బటన్‌ని ఆదరిస్తున్నారు' అని. మీరు మా ఆఫీసులో ఉన్నారా ఏంటి?

అందరికీ థ్యాంక్స్. ఏమైనా జరిగితే వచ్చి చెప్తాను.

---

కొత్తసీటు_పాతమనిషి (ఆరు వారాల తర్వాత)

చెప్తానన్నాను కదా.

పెద్ద మార్పులేం రాలేదు. ఓనర్‌ని ఒప్పించి ఒక్కటి చేయించగలిగాను, కోడ్ రాసేవాళ్ళూ డిజైన్ వాళ్ళూ నెలకి ఒకపూట సపోర్ట్ ఫ్లోర్‌లో కూర్చోవాలి. మాట్లాడక్కర్లేదు, రెండో హెడ్‌సెట్ పెట్టుకుని వింటే చాలు. మొదటి వారం అందరూ లాప్‌టాప్ తెచ్చుకుని మెయిళ్ళు చూసుకున్నారు. రెండో వారం మా డిజైనర్ కుర్రాడు ఒక కాల్ వింటూ ఉన్నట్టుండి హెడ్‌సెట్ తీసి, "ఆ రంగులో అక్షరాలు ఆవిడకి కనపడట్లేదట" అన్నాడు, ఎవరో తనని పేరుపెట్టి తిట్టినట్టు మొహం పెట్టి. ఆ లేత బూడిద రంగు మీద అంతకుముందు ఎన్ని టికెట్లు వచ్చాయో వెతికితే 'డిస్‌ప్లే – ఇతరములు' కింద కుప్పలుగా ఉన్నాయి. మర్నాటికల్లా మారిపోయింది. సపోర్ట్ వాళ్ళ కాల్ టైము లెక్క మాత్రం అలాగే ఉంది, దానిమీద ఇంకా కొట్లాడుతున్నా. ఓనర్ కూడా వచ్చి కూర్చుంటానన్నాడు, రెండు గురువారాలు వాయిదా పడింది.

ఎఫ్2 తిరిగి పెట్టాం. టెస్టింగ్ అయి రిలీజ్ అయిన రోజు నేనే ఆ రిసెప్షన్ ఆవిడకి ఫోన్ చేశాను, పాతరోజుల్లో లాగా, చూడండి అని చెబుదామని. ఎత్తింది, గుర్తుపట్టింది. ఎఫ్2 వచ్చేసిందండీ అన్నాను.

"అయ్యో, మేము పోయిన నెలే మారిపోయామండీ" అంది. మా సేల్స్ వాళ్ళకి ఆ సంగతి అప్పటికింకా తెలియదు.

ఏం చెప్పాలో తోచక, కొత్తదాంట్లో ఎఫ్2 ఉందా అని అడిగాను. "ఎఫ్4 అండీ. ఇంకా అలవాటు కాలేదు, చెయ్యి ఎఫ్2 మీదకే పోతోంది" అని, లైన్లో ఇంకెవరో ఉన్నారని పెట్టేసింది.